మణికట్టుపై మూడు వ్రేళ్లు

క్షయవ్యాధికి మందులేని కాలము గతించి డెబ్బది యేండ్లు దాటినది. నేడు మందు కలదు. అది సర్కారు దవాఖానలో వెల లేకయే లభించుచున్నది. ఆఱుమాసములు తప్పక మ్రింగినవారిలో అత్యధికులు బాగుపడుచున్నారు. ఇన్ని యుండియు, మా పల్లెలలో కొందఱు స్త్రీలు ఆ బిళ్లలను పెరటిలో పాతిపెట్టుటయు, మోరీలో జాఱవిడుచుటయు మేమెఱుగుదుము. ఏల యిట్లు చేయుచున్నారని యడిగినచో వారు చెప్పు కారణము వైద్యగ్రంథములలో నొక్క పంక్తితో ముగిసిపోవునది. కడుపులో త్రిప్పుచున్నదనియే ఆ కారణము. ఆ యొక్క పంక్తిని గుఱించియే మా సోదరీమణులతో కొంత ముచ్చటింపదలచితిమి.

మేము నిజామాబాదు పట్టణమున కాపురమున్నవారము. మా పుట్టినిల్లు బోధనుకు చేరువనున్న యొక పల్లె. మంజీరానదిపై 1923 మొదలు 1931 వఱకు కట్టిన నిజాంసాగరపు కాలువనీటితో ఆ నేలయంతయు చెఱకుతోటలయ్యెను. 1937లో బోధనుచెంత శక్కర్‌నగరున నెలకొన్న నిజాం చక్కెర కర్మాగారము ఒకనాడు ఆసియాఖండముననే మిక్కిలి పెద్దదని పేరువడసినది. మా తండ్రిగారు అందు పనిచేసినవారే. చెఱకు ఆడు దినములలో బండ్లు బారులు తీరియుండుటయు, కాగిన చెఱకురసపు కమ్మని వాసన రాత్రివేళ మా పడకలదాక వచ్చుటయు మాకు నేటికిని జ్ఞప్తియందున్నవి. ఆ కర్మాగారము 2015 డిసెంబరులో మూతపడినది. తోటలు తఱిగినవి. మగవారు పలువురు దుబాయికి, మస్కటుకు పోయిరి. ఇంట మిగిలిన ఆడవారి యొడిలో చేట మిగిలినది.

చేట యనగా బియ్యము చెఱుగు చేట యనుకొనరాదు. అది బీడీల చేట. తునికాకులను నానవేసి, కత్తెరతో కొలతకు కత్తిరించి, చిటికెడు తంబాకు పోసి, చుట్టి, కొన మడిచి, దారము కట్టవలెను. వేయి బీడీలకు ఇంతయని కూలి. నిజామాబాదు ప్రాంతమున ఈ పనిచేయని గడప గల వాడను వెదకి పట్టుకొనవలసినదే. తంబాకు ధూళియు, గాలి చొరని గదియు, చాలీచాలని తిండియు మూడును కూడినచోట క్షయ సులభముగా కాలు మోపును. ప్రపంచమునందలి క్షయరోగులలో నాలుగవవంతు మన దేశముననే యున్నారు. ఆ లెక్కలో మా యింటివారును ఒకరు చేరుదురని మేమెన్నడును తలపలేదు.

మా తమ్ముని భార్యకు దసరా పండుగనాటినుండి దగ్గు పట్టుకొన్నది. తమ్ముడు పండుగకు వచ్చి మఱల దుబాయి పోయినాడు. దగ్గు మాత్రము పోలేదు. కార్తీకమాసమున ఆశా కార్యకర్త పట్టుబట్టి కళ్లె పరీక్ష చేయించినది. క్షయయని తేలినది. అప్పుడు మా మరదలి తూకము ముప్పది యెనిమిది కిలోలు. ముప్పదియైదు మొదలు నలుబదితొమ్మిది కిలోలవఱకు తూగువారికి దినమునకు మూడు బిళ్లలు. ఆ యొక్కొక్క బిళ్లలోను ఐసోనియాజిడ్, రిఫాంపిసిన్, పైరజినమైడ్, ఇథాంబుటాల్ అను నాలుగు మందులు కూడియుండును. మొదటి యేబదియాఱు దినములు ఈ నాలుగును, తరువాత నూటపండ్రెండు దినములు పైరజినమైడు మినహా తక్కిన మూడును సేవింపవలెను. మూడు బిళ్లలును ఒక్కమాఱే, ఒక్కపూటనే. ఎఱ్ఱని యా బిళ్లలను మా మరదలు అరచేత నుంచుకొని, దేవుని పటమువైపు ఒకమాఱును, దొడ్డిదారివైపు ఒకమాఱును చూచెడిది.

మొదటి వారమున భయము చేతనే కాబోలు, అన్నియు సాగినవి. రెండవ వారమునుండి మ్రింగిన గడియకే డోకులు మొదలిడెను. నాలుగు మందులలోను పైరజినమైడు, రిఫాంపిసిన్ కడుపును ఎక్కువగా కలతపెట్టునని వైద్యులందురు. ఆమెకు అన్నపు వాసన గిట్టకపోయెను. జొన్నరొట్టె నోట పెట్టుకొని నమలుచు నమలుచు కండ్ల నీళ్లు పెట్టుకొనెడిది. మేము చూడబోయిననాడు మాతో ననిన మాట యిది:

“వదినె, ఇగ నాతోని కాదు. గోళీల డబ్బ చూస్తెనే డోకొస్తున్నది. రోగంతోని సచ్చుడేమొ గాని, ఈ గోళీలతోని ముందుగాల్నే సచ్చేటట్టున్న.”

దీనికి తోడు వాడలోని యమ్మలక్కల ముచ్చట. క్రొత్త కోడలు కాకపోయినను, మగడు పండుగకు వచ్చిపోయినవాడు. ఇంతలో కోడలికి డోకులు! ఇఁక వేఱే చెప్పవలెనా? “ఏం పిల్లా, తీపి ఎప్పుడు పెడ్తవు?” అని నీళ్లబావికడ నొకతె, “మొగపిల్లగాడే, మొగం జూస్తె తెలుస్తలేదా?” అని బీడీలు అప్పగించు కార్ఖానా ముంగిట మఱియొకతె. కాదనుటకు వీలులేదు. కాదన్నచో మఱి యేమని యడుగుదురు. క్షయయన్న మాట బయటపడినచో తన చేతి బీడీలను కూడ ముట్టరేమో యని ఆమె భయము. లేని కడుపునకు వచ్చు దీవెనలను తలవంచుకొని స్వీకరించుచు, ఉన్న రోగమును కొంగున దాచుకొని తిరుగుట యెంతటి శిక్షయో స్త్రీలకు వేఱుగ చెప్పనక్కఱలేదు.

ఆ యమ్మలక్కల మాటలో ఆలోచింపదగిన విషయ మొక్కటి లేకపోలేదు. రిఫాంపిసిన్ సేవించునపుడు గర్భనిరోధక మాత్రలు సరిగా పనిచేయవు. మాత్ర మ్రింగుచున్నానుగదా యని ధైర్యముతో నున్న స్త్రీకి నిజముగనే నెల తప్పవచ్చును. కావున క్షయమందులు వాడు స్త్రీకి వికారము కలిగినపుడు అది మందువలననా, గర్భమువలననా యని ముందుగా తేల్చుకొనుట మేలు. మా మరదలికి పరీక్ష చేయింపగా గర్భము లేదని తెలిసినది. మాత్రలకు బదులు వేఱు ఉపాయము నవలంబించుటను గుఱించి క్షయమందులిచ్చు డాక్టరునే నిస్సంకోచముగా నడుగవచ్చును. ఈ ముక్క ఆమెకు అంతవఱకు ఎవ్వరును చెప్పలేదు. మన దేశమున ఆడువారికి మందుతోపాటు ఈయవలసిన మాటలలో సగము సిగ్గుచేతనే మిగిలిపోవుచున్నవి.

మందు మంచిదైయుండి కడుపు దానిని నిలుపుకొనలేకపోవుట మా సీమకు క్రొత్తగాదు. నిజామాబాదునుండి హైదరాబాదుకు పోవు త్రోవలో డిచ్‌పల్లి కలదు. 1915లో డాక్టరు ఇసబెల్ కెర్ అను స్కాట్లండు దొరసానిగారు, రాజా నర్సాగౌడుగారి దానము నూతగా గొని, అచ్చట కుష్ఠరోగుల కొక వైద్యాలయమును నెలకొల్పిరి. ఆ దినములలో కుష్ఠునకున్న ముఖ్యమైన మందు చాల్మోగ్రా జాతి గింజల నూనె. ఆ నూనెను త్రాగినవారికి కలుగు వెగటు ఇంతింతయనరాదు. గుణమిచ్చునంత త్రాగుట కడుపునకు శక్యముగాక పలువురు మానివేయుచుండిరి. వైద్యులు ఆ నూనెనే సూదిద్వారా ఎక్కించు పద్ధతిని కనుగొన్న పిమ్మటగాని చికిత్స సాగలేదు. క్షయలోను ఇంతే. 1940ల దశకమున వచ్చిన పారా అమినో సాలిసిలిక్ ఆమ్లమును రోగులు దినమునకు తులముల లెక్కన మ్రింగవలసివచ్చెడిది. ఏండ్ల తరబడి వికారమే వారి నిత్యకృత్యము.

మదనపల్లెచెంత ఆరోగ్యవరమున 1915నుండి నడచిన శానిటోరియమువంటి చోటులలో రోగులను మంచముపై నుంచి, వేళకు తిండిపెట్టి, నర్సులు కనిపెట్టియుండుటచే ఏదోవిధముగ జరుగుచుండెను. 1956లో మద్రాసునందు క్షయచికిత్సా పరిశోధనకేంద్రము నెలకొన్నది. ఇంటనుండి మందు వాడినవారును, శానిటోరియమున వాడినవారును ఇంచుమించు సమానముగనే బాగుపడిరని 1959లో ఆ కేంద్రమువారు ప్రపంచమునకు చూపిరి. పేదల పాలిటికి అది గొప్ప వరము. నాటినుండి క్షయచికిత్స ఇంటికి వచ్చినది. రోగితోపాటు డోకును, దానిని కనిపెట్టి చూడవలసిన భారమును ఇంటి ఆడువారి పాలికే వచ్చినవి. పరిశోధకులు ఈ రెండవ లెక్కను వ్రాయలేదుగాని, వంటయింటివారికి అది తెలియును.

మా వీధిలో పనినుండి విరమించిన నర్సుగారొకరు కలరు. హైదరాబాదులో కాన్సరు రోగుల వార్డునందు చిరకాలము పనిచేసినవారు. మా మరదలి బాధ విని, “వాంతి తగ్గే గోళీ డాక్టరు రాస్తడు, అడగండి. దాంతోపాటు చేతికొక చిట్క ఉన్నది, నేను చూపిస్త” అని ఒక ఆదివారము మాతోకూడ బోధను బస్సెక్కి మా పల్లెకు దయచేసిరి.

ఆ చిట్కా చీనాదేశపు పురాతన వైద్యములోనిది. సూదులు గ్రుచ్చు వారి వైద్యము మన కెఱుకపడుటలో డాక్టరు కోట్నీసుగారి కథకు కొంత సంబంధము కలదు. మన తెలుగు పద్మశాలీలు వేలకొలది స్థిరపడిన షోలాపురమున జన్మించిన ద్వారకానాథ కోట్నీసుగారు 1938లో చీనాకు వెళ్లిన భారత వైద్యబృందములో నొకరు. 1942లో అచ్చటనే కన్నుమూసిరి. ఆ బృందములోనివారే యగు డాక్టరు బిజయకుమార బసుగారు 1950ల చివర మఱల చీనాకు పోయి ఈ విద్యను నేర్చి కలకత్తాకు తెచ్చిరి. సూదికి బదులు వ్రేలితో నొక్కుటయే మేము చెప్పబోవునది. చీనావారు మణికట్టుపైనున్న ఆ తావును ‘నైగ్వాన్’ అందురు. లోపలి ద్వారమని దాని యర్థము.

తావును కనుగొను విధ మిది. అరచేయి పైకి వచ్చునట్లు చేయి చాపవలెను. మణికట్టు ముడుతకడ రెండవ చేతి చూపుడు, నడిమి, ఉంగరపు వ్రేళ్లు మూడింటిని అడ్డముగ నానించవలెను. మూడవ వ్రేలి అంచు మోచేతివైపు ఎచ్చట ముగియునో అచ్చట నడుమగా, రెండు త్రాళ్లవలె బిగిసియున్న నరముల మధ్య చిన్న పల్లము తగులును. పిడికిలి కొంచెము బిగించినచో ఆ త్రాళ్లు తేటపడును. అదియే తావు. బొటనవ్రేలితో నిలుకడగా, నొప్పి పుట్టకుండునంత గట్టిగా, రెండు మూడు నిమిషములు నొక్కి, పిదప రెండవ చేతికిని అట్లే చేయవలెను. బిళ్లలు మ్రింగుటకు కొంచెము ముందును, వికారము కదలునపుడును చేయవచ్చును. కొలత రోగి వ్రేళ్లతోనే కొలువవలెను. చెఱకు నఱికి నఱికి మొద్దువాఱిన మా యమ్మ వ్రేళ్లు మూడు ఆనించినచో మా మరదలి చేతిపై నాలుగు వ్రేళ్ల దూరము పోయినది. నర్సుగారు నవ్వి, “ఆమె వేళ్లతోనే కొలువాలె, మీ వేళ్లతోని కాదు” అని దిద్దిరి.

ఇది ఎట్లు పనిచేయునో వైద్యులింకను వాదించుకొనుచునే యున్నారు. చీనావారి ప్రాణమార్గముల లెక్క వేఱు. పాశ్చాత్యులు ఆ తావునకు దిగువగా పోవు నాడిద్వారా మెదడులోని వమన కేంద్రమునకు ఏదో సంకేతము చేరునని యూహింతురు. 1980ల దశకమున బెల్ఫాస్టు నగరమందలి మత్తువైద్యుడు జాన్ డండీగారు శస్త్రచికిత్స పొందినవారిపై దీనిని పరీక్షించి, వాంతులు తగ్గినవని వెల్లడించిరి. తరువాత జరిగిన యేబదికి మించిన పరీక్షలను ఒక్కచోట చేర్చి 2015లో తూచినవారును, శస్త్రచికిత్సానంతరపు వికారమున ఆ తావుపై ఒత్తిడికి కొంత గుణము కనబడుచున్నదనిరి. ఆ పరీక్షలలో పెక్కింటి నాణ్యము గొప్పది కాదనియు వారే చెప్పిరి. కాన్సరు మందుల వికారమునందు ఫలితములు ఒకచో అవునని, ఒకచో కాదని యున్నవి. శస్త్రచికిత్స రోగికి ఉపకరించినదంతయు క్షయరోగికి అట్లే ఉపకరించునని ప్రమాణము చేయరాదు. సూది లేదు, ఖర్చు లేదు, కడుపులోనికి పోవునది లేదు కావున ప్రయత్నించిన తప్పులేదని నర్సుగారి యభిప్రాయము. మాకును అట్లే తోచినది.

ఇక్కడ మా యమ్మను గుఱించి కొంత చెప్పవలెను. ఆమె కఠినురాలు కాదు. కాని ఆమె మేనత్త క్షయతో పోయిన కాలము ఆమె మనసులో నాటుకొనియున్నది. ఆనాడు రోగిని గొడ్లకొట్టమున పడుకోబెట్టిరట. రోగము తెలిసిననాటినుండి కోడలికి పళ్లెము వేఱు, చెంబు వేఱు, చాప వేఱు. అన్నము పెట్టునపుడు సైతము గరిటెను పళ్లెమునకు జానెడు ఎత్తున నిలిపి జాఱవిడిచెడిది. కోడలు ఏమియు ననలేదు. ఆమె తినుట మాత్రము ఇంకను తగ్గినది. బిళ్లలవలన పోయిన యాకలి కొంత, పళ్లెమువలన పోయినది కొంత యని మా యనుమానము.

నర్సుగారు తావును చూపినపిమ్మట, “దినాం పట్టేదెవరు?” అని యడిగిరి. మేము పట్టణమున నుందుము. పిల్లవాడు చిన్నవాడు. మా మరదలు తన చేతిని తానే నొక్కుకొనవచ్చును. కాని వేయి బీడీలు చుట్టిన బొటనవ్రేలికి మఱల నొక్కు శక్తి యేది? గదిలో కొంతసేపు ఎవ్వరును మాటాడలేదు. నర్సుగారే మా యమ్మవైపు తిరిగి, “అవ్వా, ఈ రోగం గాలితోని వస్తది, దగ్గితె తుమ్మితె వస్తది. చెయ్యి పట్టుకుంటె రాదు, పళ్లెంతోని రాదు. మందు మొదలువెట్టి నెల దగ్గరికొచ్చింది, నోటికి బట్ట అడ్డం పెట్టుకుంటది, కిటికీ తెరిచి కూసోండ్రి” అని చెప్పిరి. మందు సరిగా పనిచేయు క్షయయైనచో, చికిత్స మొదలిడిన కొలది వారములలోనే అంటుగుణము మిక్కిలి తగ్గిపోవునని వైద్యశాస్త్రము చెప్పుచున్నది. మా యమ్మ కొంగుతో చేతులు తుడిచికొనెను. కోడలి యెదుట కూర్చుండి, ఆ చేతిని తన మోకాలిపై నుంచుకొని, “నా చెయ్యి గట్టిది. నొస్తె చెప్పు బిడ్డ” అనెను. నెలదినముల తరువాత ఆ యింట కోడలిని తాకిన మొదటి చేయి అది. మా మరదలు మొగము గోడవైపునకు త్రిప్పుకొన్నది. వికారముచేత కాదని మాకు తెలియును.

అద్భుతము జరిగినదని మేము చెప్పబోము. డోకులు ఒక్కనాటితో మాయమైపోలేదు. వారమునకు నాలుగైదుమాఱులు వాంతియగుచుండినది ఒకటి రెండుమాఱులకు తగ్గినది. వికారమున్నను బిళ్లలు లోపల నిలిచినవి. డాక్టరుగారు వాంతిని తగ్గించు బిళ్ల కూడ వ్రాసిరి. క్షయబిళ్లలను పరగడుపున వేసికొనుట శ్రేష్ఠమైనను, ఓర్వలేనిచో కొంచెము తేలికయైన ఆహారము తీసికొని వేసికొనవచ్చునని సెలవిచ్చిరి. ఆమె ఉదయమున నాలుగు ముద్దల పెరుగన్నము తిని వేసికొనసాగెను. ఇందులో బిళ్ల చేసినదెంత, పెరుగన్నము చేసినదెంత, మణికట్టు చేసినదెంత, అత్తచేయి చేసినదెంత యని విడదీయుటకు మావద్ద త్రాసు లేదు. విడదీయవలసిన యవసరము మా మరదలికిని కనబడలేదు.

బీడీలు చుట్టువేళ నొక్కువారుండరు గదా. అందుకు మా యమ్మయే యొక యుపాయము పన్నినది. పాత చీర అంచును వ్రేలెడు వెడల్పున పట్టీగా కత్తిరించి, దానిలో నున్నని చింతగింజ నొకదానిని కుట్టి, గింజ సరిగా ఆ తావుపై పడునట్లు కట్టినది. బస్సులలో, ఓడలలో వాంతులగువారికొఱకు గుండీ గల రబ్బరు పట్టీలను అంగళ్లలో అమ్ముదురు. మా చింతగింజ వానికి చెల్లెలు. చేయి తిమ్మిరెక్కునంత బిగువుగా కట్టరాదు. చర్మము కందినచో విప్పవలెను. రాత్రి నిద్రకు ముందు తీసివేయవలెను. చూచినవారు తాయెత్తనుకొనిరి. అనుకొననిచ్చితిమి.

వ్రేళ్ల కొనలయందు, అరికాళ్లయందు చీమలు ప్రాకినట్లుండుట మాత్రము నొక్కుటవలన కలిగినదని త్రోసిపుచ్చరాదు. ఐసోనియాజిడ్ నరములను బాధించుటవలన అట్లగును. దానికి పైరిడాక్సిన్ అను విటమిను బిళ్లను ఇత్తురు. డాక్టరుతో చెప్పవలెను. కడుపుమంటకని అంగడిలో కొన్న యాంటాసిడ్ మందును క్షయబిళ్లలతో కలిపి త్రాగినచో, ఐసోనియాజిడ్ ఒంటికి సరిగా పట్టదు. రెంటికిని నడుమ ఎడముండవలెను.

అన్నిటికంటె ముఖ్యమైనది వేఱొకటి కలదు. మణికట్టు నొక్కి ఊరకుండరాని వికారమును గుర్తించుట. క్షయమందులు కొందఱికి కాలేయమును దెబ్బతీయును. అట్టివారికి వాంతులు ఆగక వచ్చును. అన్నముపై పూర్తిగా విరక్తి పుట్టును. కుడిప్రక్క ప్రక్కటెముకల క్రింద నొప్పి, మితిమీఱిన నీరసము, కండ్లు పచ్చబడుట, మూత్రము కాచిన తేనీటివలె నల్లబడుట కనబడును. అప్పుడు ఆ పూట బిళ్లలు మ్రింగక, ఆనాడే డాక్టరువద్దకు పోవలెను. రక్తపరీక్ష చేసి, ఏ మందు ఆపవలెనో, ఎప్పుడు మఱల మొదలిడవలెనో వారు నిర్ణయింతురు. రిఫాంపిసిన్‌వలన మూత్రము, కన్నీరు సైతము నారింజరంగునకు తిరుగుట సహజము. అందువలన హాని లేదు. నారింజవన్నెకు, తేనీటివన్నెకు గల భేదమును ఇంటివారు ఎఱిగియుండవలెను. మా మరదలు మొదటిదినమున ఆ రంగును చూచి నెత్తురని హడలిపోయినది.

కండ్లు పచ్చబడినవనగానే మావైపు పల్లెలలో పసరు పోయించుటకో, చేతిపై వాత పెట్టించుటకో పరుగెత్తువారు నేటికిని కలరు. మేము నొక్కుడని చెప్పిన చేతిమీదనే కాల్చిన యినుపకడ్డీ మచ్చను మోయుచున్న స్త్రీలను మేమే చూచితిమి. ఆ పసరు, ఆ వాత కాలేయమునకు చేయు మేలు లేదు సరిగదా, డాక్టరువద్దకు చేరవలసిన దినములను హరించును. కల్లు సంగతియు నిచ్చటనే చెప్పుట మంచిది. నిజామాబాదు సీమలో కల్లు దుకాణము లేని యూరు అరుదు. ఈ మందులు వాడుచు కల్లు, సారా త్రాగినచో కాలేయమునకు రెట్టింపు దెబ్బ. మగరోగులుగల యిండ్ల యిల్లాండ్రకు ఈ యుద్ధమెట్టిదో మేము వర్ణింపబనిలేదు.

వికారమునకు ఓర్వలేక తమంత తాము మందు మానినవారి గతి యేమగును? దేహములో మిగిలిన క్రిములలో మందునకు లొంగనివి బలిసి, మఱల దగ్గుతో బయటపడును. అప్పుడు తొలుతటి బిళ్లలు పనికిరావు. ఇంకను కటువైన మందులు వాడవలసివచ్చును. ఆ రోగము ఇంటిలోని పిల్లలకు అంటినచో వారికి అంటునదియు ఆ మొండి రోగమే. మా మరదలి కొడుకునకు అప్పటికి నాలుగేండ్లు. మోరీలో బిళ్ల పాఱవేయ చేయెత్తినపుడెల్ల ఆ పిల్లవాడే కన్నులకు కట్టెడివాడని తరువాత మాతో చెప్పినది.

తిండికొఱకు సర్కారువారు క్షయరోగులకు 2018 ఏప్రిలునుండి నెలకు 500 రూపాయలు బ్యాంకులో వేయుచుండిరి. 2024 నవంబరునుండి దానిని 1000 రూపాయలు చేసిరి. ఆ సొమ్ముతో మా యమ్మ గ్రుడ్లును, పెసలును తెప్పించెడిది. గ్రుడ్డు వాసన గిట్టని దినములలో పెసరకట్టు. సంక్రాంతికి మొదటి యేబదియాఱు దినములు ముగిసి, పైరజినమైడు ఆగినపిమ్మట వికారము చాలవఱకు తగ్గినది. కళ్లెలో క్రిములు కనబడలేదని చీటీ వచ్చినది. తరువాతి నాలుగు నెలలలో ఆమె రెండుమాఱులు మాత్రమే వాంతి చేసికొన్నది. అందొకటి ముక్కిన చేపలవలన.

వైశాఖమున చివరి బిళ్ల మ్రింగిననాడు మా మరదలి తూకము నలుబదినాలుగు కిలోలు. ఆ పాటికి వేఱు పళ్లెము ఎచ్చట పోయినదో, ఎవ్వరు తీసివేసిరో మేమడుగలేదు. మొన్న మేము పోయినపుడు వాడలో చూలాలొకతె మా యమ్మ ముందర చేయి చాపి కూర్చుండియుండెను. “ఏ వేళ్లతోని కొలువాలె అవ్వా?” అని ఆమె యడుగుచుండగా, మా మరదలు చేటనుండి తలయెత్తి, “నీ వేళ్లతోనే” అని జవాబు చెప్పినది.